చలికడలిలో చమురు దిను సూక్ష్మజీవులు

సముద్రుడు సమస్తమును జీర్ణము చేసికొనునని మనవారికి తరతరములుగా నమ్మకము. బడబాగ్నినే కడుపున దాచుకొన్న మహానుభావునకు ఓడెడు చమురొక లెక్కలోనిదా యని రేవుపట్టణములలో పలువురు అనుచుండగా మేము వినియున్నాము. ఈ మాట వట్టి అతిశయోక్తి కాదు. చమురును ఆహారముగా గొని బ్రతుకు సూక్ష్మజీవులు కడలినీటిలో నిజముగనే కలవు. మంచుగడ్డలు తేలు ధ్రువసముద్రములందును, సూర్యరశ్మి సోకని అగాధములందును, మన చేతులు కొంకర్లుపోవునంతటి చలిలో సయితము అవి తమ పని తాము చేయుచున్నవి. కాని ఆ పనికి కొన్ని షరతులు కలవు. ఆ షరతులను విచారింపక, సముద్రమే తన్ను తాను కడిగికొనునని చేతులు ముడుచుకొని కూర్చుండుట తెలివిగలవారు చేయదగినది కాదు. ఆ సూక్ష్మజీవులు చేయగలది యెంత, చేయలేనిది యెంత యను విషయమును నేడు మా పాఠకులకు విన్నవింపదలచితిమి.

ఇది మనకు సంబంధింపని దూరపు ముచ్చట యని యెవరును తలపకుందురు గాక. 2024వ సంవత్సరము జనవరి 7వ తేదీన కాకినాడ కెదుటి లోతుకడలిలో ఓ.ఎన్.జి.సి. వారు తొలి చమురును పైకి తీసిరి. ఆ క్షేత్రమున కొన్నియెడల నీటిలోతు వేయి మీటర్లను మించును. మన తీరపు నీరు వెచ్చనిదే గాని, అంత లోతున నుండు నీరు చలినీరు. కావున ధ్రువప్రాంతములందును, పరదేశముల అగాధజలములందును శాస్త్రజ్ఞులు చూచినది మనమును చదివి తెలిసికొనదగియున్నది.

సముద్రమున చమురు క్రొత్తది కాదు

ముడిచమురు అనునది ఒక్క పదార్థము కాదు. కర్బనము, ఉదజని అను రెండు మూలద్రవ్యముల పొందికచే నేర్పడిన వేలకొలది పదార్థముల కలగూరగంప. అందు పెట్రోలువలె ఇట్టే ఆవిరియై పోవునవి కలవు; కిరసనాయిలు వంటివి కలవు; మైనము వంటివి, కడకు తారు వంటివి కలవు. మనుష్యుడు దానిని ఓడల కెక్కింప నేర్చుటకు ఎన్నియో యుగములకు ముందునుండియే అది సముద్రగర్భపు పగుళ్లనుండి ఊరుచునే యున్నది. ఇట్లు ప్రకృతిసిద్ధముగ ఊరు చమురు ఏటేట సుమారు 6 లక్షల టన్నులుండునని అమెరికా జాతీయ పరిశోధక మండలివారు 2003లో అంచనా వేసిరి. ఏటేట సముద్రమున చేరు మొత్తము చమురులో నది దాదాపు సగము.

ఇంతియ కాదు. సముద్రపు పైనీటిలో సూర్యరశ్మిచే బ్రతుకు అతిసూక్ష్మమైన నీలి-ఆకుపచ్చ జీవులు తమ దేహములలో నూనెజాతి పదార్థములను తయారుచేసికొనుననియు, వాని మొత్తము సాలునకు 30 కోట్ల టన్నులకు పైగా నుండుననియు 2015లో ప్రకటితమైన యొక పరిశోధనము తేల్చినది. ఆ జీవులు నశించినప్పుడు ఆ నూనె నీటిలో కలియును. అయినను సముద్రము నూనెమడుగు కాలేదు. ఏలయన, వచ్చినదానిని వచ్చినట్లే తినివేయువారు అచ్చట కలరు.

ఈ తినువారిని గూర్చిన జ్ఞానము నిన్న మొన్నటిది కాదు. 1946లో అమెరికాలోని స్క్రిప్స్ సముద్రవిజ్ఞానసంస్థకు చెందిన జోబెల్ పండితుడు అంతవరకు తెలిసిన విషయమునంతయు కూర్చి యొక సమీక్షను వ్రాసెను. చమురుజాతి పదార్థములను మార్పగల బాక్టీరియా, బూజు మున్నగు సూక్ష్మజీవులు నాటికే దాదాపు నూరు జాతులు తెలిసియుండెను. తరువాత 1998లో, ఉత్తరసముద్రమున బోర్కుం అను ద్వీపమునకు సమీపమున దొరకిన యొక సూక్ష్మజీవికి పండితులు ఆల్కానివోరాక్స్ బోర్కుమెన్సిస్ అని పేరిడిరి. దీని చిత్ర మేమనగా, ఇది చక్కెరను గాని మాంసమును గాని కోరదు; చమురు దక్క తక్కిన ఆహారము దానికి దాదాపు రుచింపదు. నిర్మలమైన నీటిలో అది అరుదు. చమురు పడినంతనే కొలదిదినములలో అసంఖ్యాకముగ పెరుగును. అభ్యంగన స్నానమునాడు ఒంటినూనెను విడదీయుటకు మనము కుంకుడురసము వాడినట్లే, అది కూడ చమురును చిన్న బిందువులుగ విడదీయు జిడ్డువిరుగుడు పదార్థమొకటి తన దేహమునుండి విడుచును.

తిను విధానము కూడ తెలిసికొనదగినది. చమురులోని పొడుగైన కర్బనపు గొలుసు కొనయందు ఈ జీవులు ప్రాణవాయువును తగిలించును. అంతటితో అది క్రమముగ మద్యజాతి పదార్థమై, పిమ్మట మన వంటనూనెలలో నుండునట్టి కొవ్వు ఆమ్లమై మారును. ఆ పైన ఆ గొలుసును రెండేసి కర్బనముల చొప్పున త్రుంచుకొనుచు పోవును. తుదకు మిగులునది బొగ్గుపులుసు వాయువు, నీరు, ఆ జీవుల సంతానము. తిన్నని గొలుసులు మొదట పోవును. కొమ్మలు గలవి పిమ్మట. ఉంగరముల ఆకారము గలవి ఇంకను ఆలస్యముగ పోవును. తారు వంటి భాగమును తాకునవి బహుస్వల్పము. కావున చమురును సూక్ష్మజీవులు తినివేసినవి అని యెవరైన చెప్పినపుడు, ఏ భాగమును తినినవి యని అడుగుట న్యాయము.

చలికి తాళు విద్య

చలి అన్ని జీవనక్రియలను మందగింపజేయును. సామాన్యముగ ఉష్ణము పది డిగ్రీలు తగ్గినచో దేహములోని రసాయనక్రియలు సగమునకో, అంతకంటె తక్కువకో దిగును. చమురు కూడ చలిలో చిక్కబడును. తేలిక భాగములు ఆవిరియగుట తగ్గి, వానిలోని విషము నీటిని విడువక చాలకాలము నిలుచును. ఇన్ని ప్రతికూలములుండగా చలిసముద్రమున చమురు తినువారెవ్వరును ఉండజాలరని తోచుట సహజము.

ఆ తలంపు తప్పని నిరూపించినది దక్షిణధ్రువము. అచ్చటి రాస్ సముద్రతీరపు నీటినుండి ఇటలీలోని మెసీనా నగరపు యకిమోవ్ పండితుడును, ఆయన సహచరులును తీసి పెంచిన యొక బాక్టీరియా 2003లో లోకమునకు తెలియవచ్చెను. దానికి ఒలీస్పైరా అంటార్కిటికా అని నామకరణము చేసిరి. అది ఒకటి మొదలు 25 డిగ్రీల సెంటిగ్రేడువరకు పెరుగును గాని, దానికి మిక్కిలి హితమైనది 2 మొదలు 4 డిగ్రీల చలి. మనకు ప్రాణాంతకమగు చలి దానికి వసంతకాలము. మన ఆంధ్రదేశపు వేసవి దానికి చితి.

ఇట్టి జీవులు చలిని జయించు విధమును గృహిణులకు సయితము సులభముగ చెప్పవచ్చును. మార్గశిర పుష్యమాసములలో నేయి గడ్డకట్టును. కొబ్బరినూనె సీసాలో పేరుకొనును. నువ్వులనూనె మాత్రము పారుచునే యుండును. నేతిలోని కొవ్వు ఆమ్లములలో అధికభాగము తిన్నగ నుండి ఒకదాని నొకటి ఒరసికొని పేర్చబడుటయు, నువ్వులనూనెలోనివి వంకరలు కలిగి పేర్పునకు లొంగకపోవుటయు ఇందులకు హేతువు. సూక్ష్మజీవి దేహపు పైపొర కూడ కొవ్వుతో నేర్పడినదే. అది గడ్డకట్టినచో ఆహారము లోనికి పోదు, మలినము వెలికి రాదు. కావున చలిజీవులు తమ పైపొరలో నేతికంటె నువ్వులనూనెను పోలిన కొవ్వునే యెక్కువగ నింపుకొనును. వాని దేహములలో పనిచేయు ఎంజైములు కూడ బిగువు తక్కువై, చలిలో కదలుటకు వీలుగ వదులుగ నమరియుండును. ఆ వదులుతనమే వేడిలో వానికి మృత్యువగును.

మరియొక విశేషము. దేహములోని మాంసకృత్తులు చలిలో సరిగ ముడుచుకొనక చెడిపోవుచుండును. అట్లు చెడకుండ వానిని సరిగా మడచి నిలుపు సహాయకమాంసకృత్తులు ఒలీస్పైరాలో కలవు. జర్మనీ పండితులు ఆ సహాయకముల బీజములను మన ప్రేగులలో నుండు ఇ. కోలై అను సామాన్య బాక్టీరియాలో నాటి చూచిరి. అంతకుముందు చలికి పెరుగక నిలిచిపోవు ఆ బాక్టీరియా ఆ చలిలోనే పెరిగినట్లు 2003లో ప్రకటించిరి. చలిని తాళుటకు ఈ సహాయకములు ఎంతటి యాధారమో దీనివలన స్పష్టమగుచున్నది.

ఈ విద్యను శోధించుటలో మనవారికిని పాలు కలదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనాలయమున దక్షిణధ్రువమునుండి తెచ్చిన బాక్టీరియాను పలు సంవత్సరములు పరిశీలించి, క్రొత్త జాతులను వర్ణించుటయే గాక, చలి తగిలినపుడు అవి తమ పైపొరను, తమ అంతరంగవ్యాపారములను ఎట్లు మార్చుకొనునో విచారించిరి. ఆ జీవులు ప్రధానముగ చమురు తినునవి కాకపోయినను, ఆ పరిశోధనము మన ఇంటనే యున్న జ్ఞానసంపద యని మరువరాదు.

మెక్సికో సింధుశాఖ: 87 దినములు

చలిజీవుల సామర్థ్యమునకు లోకమెరిగిన గొప్ప పరీక్ష 2010లో జరిగెను. ఏప్రిల్ 20వ తేదీన మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అను త్రవ్వకపు వేదిక ప్రేలి, పదునొకండుగురు పనివారు మరణించిరి. సుమారు 1,500 మీటర్ల లోతున నున్న బావి నోరు తెరచుకొని, జూలై 15వ తేదీన మూయబడువరకు 87 దినములు చమురును వాయువును క్రక్కెను. సముద్రము పాలైన చమురు 31 లక్షల 90 వేల పీపాలని అమెరికా న్యాయస్థానము 2015లో నిర్ణయించెను. పీపా యొక్కటికి 159 లీటర్లు.

ఆ చమురంతయు పైకి తేలలేదు. కొంతభాగము సన్నని బిందువులై, సుమారు 1,100 మీటర్ల లోతున మేఘమువలె వ్యాపించి నిలిచెను. ఆ లోతున నీటి ఉష్ణము 5 డిగ్రీల పరిసరమున నుండును. అంతటి చలిలో చమురు ఏండ్ల తరబడి కరగక నిలుచునని భయపడినవారు కలరు. కాని హాజెన్ పండితుడును, సహచరులును ఆ నీటిని తోడి పరీక్షింపగా, చలికి అలవాటుపడిన యొక బాక్టీరియా వర్గము ఆ మేఘమున అధికసంఖ్యతో నిండియుండెను. అది ఒలీస్పైరాకు, ఆల్కానివోరాక్స్‌కు దాయాది వర్గము. చమురులోని తిన్నని గొలుసుల పరిమాణము సగమగుటకు 1.2 మొదలు 6.1 దినములు మాత్రమే పట్టుచున్నట్లు వారు లెక్క కట్టిరి. తరువాతి మాసములలో కొల్వెల్లియా, సైక్లోక్లాస్టికస్ అను వేరు జాతులు ముందుకు వచ్చినవి. విందులో పిండివంటలు తినువారు లేచిన పిమ్మట మిగిలినది తినువారు కూర్చుండినట్లు, ఒక పదార్థము తగ్గగా దానిని తినువారు తగ్గి, వేరొకదానిని తినువారు పెరుగుట ఇచ్చట కనబడెను.

ఇంత త్వరితముగ ఎట్లు సాధ్యమయ్యెను? ఆ సింధుశాఖ అడుగున ప్రకృతిసిద్ధమైన చమురు ఊటలు అనేకములు కలవు. అచ్చటి జీవులు ఆ తిండికి పూర్వమే అలవాటుపడినవి. పైగా చమురు గడ్డలుగ కాక బిందువులుగ విడిపోయియుండెను. ఆ నీటిలో ప్రాణవాయువు తగ్గినను పూర్తిగ అంతరింపలేదు. ఈ మూడు అనుకూలములును కూడివచ్చినవి.

అయినను కథ అంతటితో ముగియలేదు. చమురులో కొంతభాగము జిగటతెట్టులతో కలిసి మంచురవ్వలవలె అడుగునకు దిగిపోయెను. సుమారు 3,200 చదరపు కిలోమీటర్ల సముద్రపుటడుగున ఆ చమురు జాడ కనబడినట్లు 2014లో మరియొక పరిశోధనము తెలిపినది. చమురును విడదీయుటకై కుమ్మరించిన మందు దాదాపు 18 లక్షల గాలనులు. అది సూక్ష్మజీవులకు తోడ్పడినదా, అడ్డమైనదా యనుటలో పండితులు ఏకాభిప్రాయులు కారు. చనిపోయిన పక్షులను, తాబేళ్లను ఏ బాక్టీరియాయు తిరిగి బ్రతికింపలేదు.

అలాస్కా: కంకరతీరపు పాఠము

రెండవ సాక్ష్యము ఇంకను చలిప్రదేశమునుండి వచ్చుచున్నది. 1989 మార్చి 24వ తేదీ తెల్లవారకముందే ఎక్సాన్ వాల్డీజ్ అను చమురుఓడ అలాస్కాలోని ప్రిన్స్ విలియం జలసంధియందు బ్లై దిబ్బకు తగిలి పగిలెను. సుమారు కోటి పది లక్షల గాలనుల ముడిచమురు వెలువడి, రమారమి 2,100 కిలోమీటర్ల తీరమును మలినపరచెను. మొదట వేడినీటిని బలముగ చిమ్మి రాళ్లను కడిగిరి. రాళ్లు తెల్లబడినవి గాని, ఆ వేడికి తీరపు నత్తలు, నాచు, సన్నజీవులు చచ్చినవి. అట్లు కడిగిన తీరములు కొన్నిట కడుగని చోట్లకంటె జీవములు ఆలస్యముగ తిరిగివచ్చినట్లు పిమ్మట తెలియవచ్చెను.

అప్పుడు మరియొక యుపాయమునకు పూనుకొనిరి. తీరముననే చమురు తిను చలిజీవులు కలవు. వానికి తిండి పుష్కలము; కాని పెరుగుటకు నత్రజని, భాస్వరము చాలవు. ఇది మన రైతులకు తెలియని సంగతి కాదు. ఎండుగడ్డిని చివుకనీయక పచ్చిగనే మళ్లలో కలియదున్నినచో, గడ్డిని తిను సూక్ష్మజీవులే నేలలోని నత్రజనిని లాగికొనుటచే పైరు పసుపుబారును. దానికి విరుగుడుగ కొంత ఎరువు చల్లుదుము. చమురు కూడ గడ్డివలె కర్బనమయమే. దానిలో నత్రజని బహుస్వల్పము. కావున అలాస్కా తీరమున రాళ్లకు అంటుకొను ద్రవపు ఎరువును, మెల్లమెల్లగ కరగు గుళికల ఎరువును చల్లిరి. ఎరువు చక్కగ అందిన చోట్ల చమురు హరించు వేగము కొన్నియెడల అయిదు రెట్లవరకు పెరిగినట్లు కొలతలు తెలిపినవి.

ఇంతవరకు జయమే. కాని పండ్రెండేండ్ల పిమ్మట, 2001లో ఆ తీరమున 91 స్థలములను వేలకొలది గుంటలు త్రవ్వి పరీక్షింపగా, సగమునకు మించిన స్థలములలో చమురింకను కనబడెను. ఉపరితలము శుభ్రము, కొలది అంగుళముల క్రింద, నాటి వాసన నాటిదే. చలిజీవులు ఆ చమురును ఏల తినలేదు? 2010లో ప్రకటితమైన పరిశోధనము దీనికి సమాధానము చెప్పినది. ఆ తీరపు కంకర రెండు పొరలుగ నున్నది. పైపొరలో నీరు ధారాళముగ పారును. క్రిందిపొర బిగువైనది, దానిలోనికి నీరు మిక్కిలి మెల్లగ దిగును. ఆ బిగువుపొరలో చిక్కిన చమురును చేరు నీటిలో ప్రాణవాయువు బహుస్వల్పము. తిండి ముందున్నను ఊపిరి లేదు.

ఊపిరి లెక్క

ఈ ఊపిరి లెక్కను మా పాఠకులు స్వయముగ వేసికొనవచ్చును. ఒక కిలో చమురు పూర్తిగ హరించుటకు సుమారు మూడున్నర కిలోల ప్రాణవాయువు కావలెను. చక్కగ గాలి తగిలిన చల్లని సముద్రజలము లీటరున కరగియుండు ప్రాణవాయువు 9 మిల్లీగ్రాముల పరిసరము. ఆ చొప్పున ఒక్క లీటరు చమురును పూర్తిగ తినుటకు మూడు లక్షల లీటర్లకు పైబడిన నీటిలోని ఊపిరి యంతయు వ్యయమగును. అదే ఊపిరితో చేపలు, రొయ్యలు, పీతలు కూడ బ్రతుకవలెను. సూక్ష్మజీవులు చేయు సేవ ఉచితమైనది కాదు. దాని వెలను సముద్రమునందలి తక్కిన జీవరాశి చెల్లించుచున్నది.

కొందరు మానవుడే మహాబలముగల బాక్టీరియాను సృష్టించి కడలిలో విడువరాదా యని ప్రశ్నింతురు. ఆ యత్నమును మొదట చేసి పేరుగన్నవాడు మన దేశమున జన్మించినవాడే. వంగదేశపు ఆనందమోహన చక్రవర్తి పండితుడు అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేయుచు, చమురులోని పలుభాగములను తినగల బాక్టీరియాను రూపొందించి, 1972లో దానికి హక్కుపత్రము కోరెను. సజీవమైనదానికి హక్కుపత్రమీయవచ్చునా యను వివాదము అమెరికా అత్యున్నత న్యాయస్థానమువరకు పోయి, 1980 జూన్ 16వ తేదీన అయిదుగురు న్యాయమూర్తులు ఔననియు, నలుగురు కాదనియు తీర్పుచెప్పుటచే ఆయనకు అనుకూలమయ్యెను. న్యాయశాస్త్రమున అది చరిత్రకెక్కిన తీర్పు. కాని ఆ బాక్టీరియాను కడలిచమురుపై ప్రయోగించుట జరుగలేదు. పరిశోధనాలయపు సీసాలో పెరిగినది తరంగముల మధ్యమున, చలిలో, తనకంటె పెక్కు యుగములు ముందుగ స్థిరపడిన స్థానికులతో పోటీపడజాలదని అనుభవజ్ఞుల అభిప్రాయము. ఏ నేలకు తగిన విత్తనము ఆ నేలలోనే దొరకునను కర్షకుల మాట ఇచ్చటను చెల్లును.

దక్షిణధ్రువమున ఈ మాట శాసనము కూడ అయియున్నది. 1989 జనవరి 28వ తేదీన ఆర్జెంటీనా ఓడ బాహియా పరైసో అచ్చటి పామర్ కేంద్రము సమీపమున నీటిలోని రాళ్లకు తగిలి, దాదాపు 6 లక్షల లీటర్ల ఇంధనము వెలువడెను. 1991లో మాడ్రిడ్ నగరమున కుదిరిన ఒడంబడిక ప్రకారము ఆ ఖండమునకు పరాయి జీవులను అనుమతి లేక తేరాదు. సూక్ష్మజీవులు చొరబడకుండ కూడ జాగ్రత్త పడవలెను. కావున అచ్చట చమురు పడినచో అచ్చటి చలిజీవులే గతి. అంతకంటె మేలైన మార్గము చమురు పడనీయకుండుట. అందులకే 2011 ఆగస్టు 1వ తేదీనుండి దక్షిణధ్రువసముద్రమున చిక్కని ఓడఇంధనమును తీసికొనిపోవుట నిషిద్ధమైనది. ఉత్తరధ్రువసముద్రమున అట్టి నిషేధము 2024 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చెను గాని, కొన్ని ఓడలకు 2029 వరకు మినహాయింపు కలదు. వేసవిమంచు తగ్గుచు, ఓడల రాకపోకలు పెరుగుచున్న ఆ కడలియందు ఈ గడువు స్వల్పమైనది కాదు.

మన బంగాళాఖాతము

ఇక మన యింటి విషయము. బంగాళాఖాతపు పైనీరు వెచ్చనిది. వేయి మీటర్లు దిగిన ఉష్ణము 6, 7 డిగ్రీలకు తగ్గును. రెండువేల మీటర్ల లోతున 3 డిగ్రీల పరిసరమున నుండును. మెక్సికో సింధుశాఖలో చమురుమేఘము నిలిచిన నీటికిని దీనికిని చలియందు పెద్ద భేదము లేదు. కాని వేరొక భేదము కలదు, అది ఉపేక్షింపరానిది. బంగాళాఖాతమున నూరు, రెండువందల మీటర్ల లోతునుండి అనేకశత మీటర్ల మందమున ప్రాణవాయువు మిక్కిలి తక్కువగ నున్న నీటిపొర పరచికొనియున్నది. నదులు తెచ్చు మంచినీరు పైన తేలి క్రిందినీటిని పై గాలితో కలియనీయదు. పైనుండి దిగు జీవశేషములు కుళ్లుచు ఉన్న ఊపిరిని హరించును. అలాస్కా కంకర క్రింద కొలది అంగుళములలో కనబడిన చిక్కు ఇచ్చట మహాజలరాశిలోనే కలదు. చలిజీవులున్నను, తిండియున్నను, ఊపిరి చాలని యెడ చమురు హరించునను భరోసా యెవ్వరీయగలరు?

పైనీటిలో చమురు పడినప్పటి యవస్థ మన ప్రక్కనే చూచితిమి. 2017 జనవరి 28వ తేదీన చెన్నపట్టణము చెంత ఎన్నూరు రేవు వెలుపల రెండు ఓడలు ఢీకొనగా, ఒడ్డుకు చేరిన నల్లని జిడ్డును జనులు బక్కెట్లతో తోడుట లోకమంతయు చూచినది. 2023 డిసెంబరులో తుపాను వరద వెంట ఎన్నూరు కాలువలో మరల చమురు వ్యాపింపగా, పల్లెకారుల పడవలు, వలలు నల్లబడినవి. ఒడ్డున పడినదానిని బక్కెట్టుతోనైన తోడవచ్చును. వేయి మీటర్ల లోతున వ్యాపించినదానిని ఏ బక్కెట్టుతో తోడుదుము?

కావున మేము చెప్పదలచిన దేమనగా, చలిజీవులు మనకు మిత్రములే గాని జామీనుదారులు కావు. చెరువుగట్టు తెగిన పిమ్మట నీరు నేలలో ఇంకిపోవుననుట సత్యమే. అంతమాత్రమున గట్టు కాపాడనక్కరలేదని ఏ కాపు అనడు. చమురు తీయువారు, ఓడలు నడపువారు బావికి బిగించు కవాటమునందును, ఓడ కట్టడమునందును, పనివారి శిక్షణమునందును చేయవలసిన వ్యయమును సూక్ష్మజీవుల పద్దున వ్రాయరాదు. మన లోతుకడలిలో ఏ జీవులు కలవు, ఏ మాసమున ఏ లోతున ఎంత ఊపిరి, ఎంత నత్రజని యుండును అను లెక్క అపాయమునకు ముందే వ్రాతమూలముగ సిద్ధముగ నుండవలెను. అది పల్లెకారులకు సయితము తెలుగున అందుబాటు కావలెను. చమురు పడిన మరునాడు కొలత మొదలుపెట్టినచో, పూర్వమేమున్నదో తెలియక, పోయినదేమో తేల్చుటకు సాక్ష్యముండదు. సాక్ష్యము లేనిచోట నష్టపరిహారమును ఉండదు.

కంటికి కానరాని యొక జీవి, మంచునీటిలో, చీకటిలో, మనము పారబోసినదానిని దినమున కింత చొప్పున తినుచున్నది. దాని యోర్పునకు ఒక మేర కలదు. ఆ మేర యెంతయో అలాస్కాతీరపు గుంటలు చూపినవి. దానిని తెలిసియు దాటినచో దోషము సముద్రునిది కాదు, మనది.